ఇంట్లో అయిపోయే పని

దోసె ఒకవైపు కాలేలోపు తేజశ్రీ మూడు ఫోన్లలో అయిదో నంబరు మీట నొక్కి చూసింది. మొదటిదాంట్లో, గేమ్‌లోని తాలుకాయ పక్కకు పడింది. రెండోదాంట్లోనూ పడింది. మూడోదాంట్లో మాత్రం మిరపకాయలన్నీ తెర మధ్యలో బిగుసుకుపోయి నిలబడ్డాయి. ఈలోగా దోసె మాడింది.

"మాడు వాసనొస్తోందే అమ్మాయ్! ఆ ఫోన్లు పొయ్యిలో పెట్టు, దరిద్రం వదిలిపోద్ది," అని హాల్లోంచి అత్తగారు సుబ్బరావమ్మ కేకేసింది.

"ఫోన్లు కాదే, చిన్న తెర ఫోన్ సంగతేమైంది? పదకొండింటికల్లా షానవాజ్ గారు వస్తారు," అని ఆ పక్కనుంచే మొగుడు లక్ష్మీకాంత్ కేకేశాడు. "ఇంకో రెండు దోసెలు పట్రా. మాడినవి వద్దు."

మాడిన దోసె ఎవరి పళ్ళెంలోకి వెళ్తుందో ఆ ఇంట్లో ఎవరూ చెప్పుకోనక్కర్లేదు. తేజశ్రీ దాన్ని నిలబడే తింటూ మూడో ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేసింది.

రెండువేల తొమ్మిది ఎండాకాలం అది. గుంటూరు పక్కన నల్లపాడులో ఆ అద్దె ఇంటి ముందుగదికి మొబైల్ గేమ్స్ కంపెనీ అని బోర్డుంది. బోర్డు కింద లక్ష్మీకాంత్, మేనేజింగ్ డైరెక్టర్. బొమ్మలు గీసే జయరావుకు నెల నెలా జీతం. గేమ్ ఆలోచన, కోడు, తప్పులు సరిదిద్దడం అంతా తేజశ్రీది. ఎంసీఏ చదివింది. బోర్డు మీద ఆమె పేరు లేదు. ఎందుకు లేదని ఆమె అడగలేదు, ఎందుకు ఉండాలో ఆయనకు తట్టలేదు. ఇలాంటి ఇళ్ళు అలాగే సాఫీగా నడుస్తుంటాయి.

ఆ గేమ్ పుట్టింది పర్చూరులో, అత్తగారి కల్లంలో. పెళ్ళయిన మొదటి ఏడు ఫాల్గుణంలో ఎండిన మిరపకాయలు ఎర్రటి దిబ్బలుగా పోసి ఉన్నాయి. రంగు పోయి తెల్లబారిన కాయని తాలు అంటారు. మంచికాయలో తాలు కలిస్తే మిర్చి యార్డులో రేటు పడిపోతుంది కాబట్టి ఒక్కొక్కటీ చేత్తో ఏరి పక్కకు వెయ్యాలి. కూలికొచ్చిన ఆడవాళ్ళ వరసలోనే ఇంటి ఆడవాళ్ళూ కూర్చుని, వాళ్ళతో సమానంగా ఏరారు. పొద్దు వాలాక కూలివాళ్ళకు కూలి ముట్టింది. ఇంటివాళ్ళకు చేతుల మంట ముట్టింది. కొత్తకోడలు తెలియక, "మనకివ్వరా అత్తయ్యా?" అని అడిగితే కల్లమంతా గొల్లుమంది.

"ఇంటి మనిషికి కూలేంటే? నీ నోట్లో నువ్వు ముద్ద పెట్టుకున్నందుకు కూడా డబ్బులడుగుతావా ఏంది?" అంది సుబ్బరావమ్మ.

ఆ మాట సుబ్బరావమ్మ కనిపెట్టింది కాదు. ఆమెకు ఆమె అత్తగారు వడ్డించింది. ఆమె మింగి, అరిగించుకుని, కోడలికి వడ్డించింది. తేజశ్రీ కూడా మింగింది గానీ అరగలేదు. అది ఎక్కడో అడ్డం పడి, కొన్నేళ్ళకు గేమ్ అయింది. పైనుంచి కాయలు రాలుతుంటాయి. తాలు కనబడగానే మీట నొక్కి పక్కకు తొయ్యాలి. ఒక్క తాలు మంచికాయలో కలిసిందా, గుట్టంతా పోయినట్టే. "మిరపకాయలేంటే మోటుగా! కార్లు పెట్టు, తుపాకులు పెట్టు," అన్నాడు లక్ష్మీకాంత్ అప్పుడు. హైదరాబాదులో గేములు విడుదల చేసే కంపెనీ మనిషి షానవాజ్ దాన్ని చూసి, పక్కన పెట్టలేక అరగంట ఆడాడని తెలిశాక, అది "మా గేమ్" అయింది.

ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. ముందు ఏ ఫోన్ మీద వదలాలి?

కొత్తగా వచ్చిన టచ్ ఫోన్ ఉంది. అన్నిటికీ ఒకే తెర, ఒక్కసారి రాస్తే చాలు, ఆ ఫోన్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోర్లో పెడితే ప్రపంచమంతా కొనుక్కుంటుంది. కాకపోతే గుంటూరులో అది ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్క. రెండోది కీప్యాడ్ ఫోన్. రిక్షా తొక్కేవాడి జేబులోనూ ఉంది, ఆడవాళ్ళ కొంగుముడిలోనూ ఉంది. కానీ ఏ మోడల్ తెర దానిది, ఏ మోడల్ మీట దానిది. ఒకదాంట్లో పరిగెత్తే ఆట ఇంకోదాంట్లో మొరాయిస్తుంది. ప్రతి మోడల్‌కీ దాన్ని మళ్ళీ కత్తిరించి, కుదించి, అతకాలి. పోర్టింగ్ అంటారు దాన్ని. అంతులేని చాకిరీ. అందుకే బుర్రున్న కంపెనీలు ఒక్క తెర ఉన్నదాన్నే ముందు పట్టుకుంటున్నాయి.

లక్ష్మీకాంత్ మాత్రం కీప్యాడే అన్నాడు. అన్ని మోడళ్ళూ కొనడం ఎక్కడైనా ఉందా? తేజశ్రీ వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఫోన్లు బదులు తెచ్చేది. తెచ్చిన ఫోన్ మోగితే చేస్తున్న పని వదిలేసి, చేతిలో ఫోను, చంకలో కొంగు, వీధి చివరికి పరుగు. "మాట్లాడండి పిన్నిగారూ, మీ తమ్ముడు." వాళ్ళు మాట్లాడేదాకా గుమ్మంలో నిలబడి మళ్ళీ తెచ్చుకునేది. ఇదంతా ఆమెకు కష్టమనిపించకపోవడానికి ఒక కారణముంది. ఏరే ఆడవాళ్ళ చేతుల్లో ఉండే ఫోన్ మీదే ఈ ఆట రావాలని, వాళ్ళు చూసుకుని మురిసిపోవాలని ఆశ. ఆ ఆశే ఆమెను కాడికి కట్టిన తాడు.

అది నిన్న సాయంత్రం తెగింది. పక్కింటి కరీమున్ మిర్చి గోడౌన్లో తాలు ఏరి, బదులిచ్చిన తన ఫోన్ కోసం ఇటే వచ్చింది. తేజశ్రీ ఉబలాటంగా గేమ్ పెట్టి ఇచ్చింది. కరీమున్ నాలుగు మీటలు నొక్కి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏందమ్మాయ్, పొద్దంతా అక్కడ ఏరొచ్చి, మళ్ళీ ఫోన్లో ఏరమంటావా? అక్కడైతే కూలన్నా ఇస్తారు!"

"సరదాకి, కరీమున్."

"నీకు సరదా. నువ్వెప్పుడూ ఏరలేదు గావాల."

"ఏరాను. పర్చూరులో."

"ఎంతిచ్చారు?"

తేజశ్రీ తన అరచేతులకేసి చూసుకుంది. కరీమున్ ఫోన్ కొంగులో ముడేసుకుని, "అయితే సరదానే," అని వెళ్ళిపోయింది.

పదకొండు దాటాక షానవాజ్ వచ్చాడు. లక్ష్మీకాంత్ ఎదురెళ్ళి కుర్చీ లాగాడు. మూల కంప్యూటర్ దగ్గరున్న భార్యను చూపించి, "మా మిసెస్. కంప్యూటర్ అదీ చూసుకుంటూ ఉంటుంది," అన్నాడు. కుండీలో మొక్కల సంగతి చెప్పినట్టు.

"లక్ష్మీకాంత్ గారూ, సూటిగా అడుగుతాను. అందరూ పోర్టింగ్ ఖర్చుకు భయపడి టచ్ ఫోన్ వైపు పోతుంటే, మీరు కీప్యాడ్ ముందంటున్నారు. ఎలా గిట్టుబాటవుద్దండి మీకు?"

"మాకా బెడద లేదండీ," అని కాలు మీద కాలేసుకున్నాడు లక్ష్మీకాంత్. "పోర్టింగ్ మాకు ఖర్చు కిందకే రాదు. ఇంట్లో అయిపోద్ది."

"భలే! అట్లయితే కీప్యాడే ఖాయం. ఇంకో మాట. మా దగ్గర వేరేవాళ్ళ గేములు ఓ డజను పోర్టింగ్ కోసం పడున్నాయి. అవీ మీకే పంపిస్తా, చేస్తారా?"

"పంపండి సార్! అడగాలా?"

నిజమే, అడగాలా? తేజశ్రీ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఇంట్లో అయిపోద్ది. బియ్యం ఏరడం ఇంట్లో అయిపోద్ది, అత్తగారి మోకాళ్ళకు నూనె రాయడం ఇంట్లో అయిపోద్ది, డజను గేములు వంద ఫోన్లకు అతకడం ఇంట్లో అయిపోద్ది. అయిపోయేది పని కాదు, తను. ఇన్నాళ్ళూ ఈయనకు వ్యాపార తెలివి ఉందనుకుంది. ఏ ఫోన్ ముందో తేల్చింది దేశంలో ఎంతమంది చేతుల్లో ఏ ఫోనుందన్న లెక్క కాదు. కల్లం లెక్క. ఊరికే చేసే మనిషి చేతికింద ఉంటే, ఎంత ఖరీదైన దారైనా చవగ్గానే కనబడుతుంది. ఇవాళ నోరు మూసుకుంటే ఆ డజను తర్వాత ఇంకో డజను. తన బుర్రలోంచి ఇంకో గేమ్ పుట్టే తీరిక ఈ జన్మకుండదు. చిత్రంగా ఆమెకు కోపం రాలేదు. మొరాయించే కోడులో తప్పు ఏ వరసలో ఉందో దొరికినప్పుడు వచ్చే నెమ్మది వచ్చింది.

కుర్చీ ఇటు తిప్పింది. "షానవాజ్ గారూ, ముందు టచ్ ఫోన్ మీద వదులుదామండీ."

"తేజా, నువ్వు కాఫీ సంగతి చూడు," అన్నాడు లక్ష్మీకాంత్, నవ్వు చెదరకుండా.

"కాఫీ అత్తయ్య కలుపుతున్నారు." ఆమె షానవాజ్ వైపే చూస్తోంది. "తాలు ఏరడమంటే మీట నొక్కడం కాదండీ, వేలితో పక్కకు లాగడం. ఆ ఫోన్లో అచ్చం అలాగే ఆడొచ్చు. ఒక్క తెర, ఒక్కసారి రాస్తాను. దానికి కావాల్సిన భాష నేర్చుకున్నాను. ఆ ఫోన్‌కి రాయాలంటే మ్యాక్ కంప్యూటర్ ఒకటి కావాలి, అంతే."

"మా ఆఫీసులో ఒకటి ఖాళీగా ఉంది మేడమ్..." షానవాజ్ ముందుకు వంగాడు. "అంటే గేమ్ రాసింది మీరా?"

"నేనే. కాంట్రాక్టులో నా పేరుండాలి."

వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసులతో సుబ్బరావమ్మ నిలబడిపోయింది. "ఏందే అమ్మాయ్, మగాళ్ళ మాటల్లో..." అని మొదలెట్టి, కోడలి మొహం చూసి, ఎందుకో సగంలో ఆపేసింది. లక్ష్మీకాంత్ కాలు మీది కాలు తీసేశాడు.

"ఆమె అలాగే అంటుందిలెండి సార్. పోర్టింగ్ సంగతి నేను చూసుకుంటాగా, మీరు పంపండి."

షానవాజ్ ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "అది కాదు మేడమ్, మరి లక్ష్మీకాంత్ గారు పోర్టింగ్ ఇంట్లో అయిపోద్దన్నారు. అది చేసే మనిషి ఉన్నట్టే గదా?"

తేజశ్రీ గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"ఉండేదండీ. ఇవాళ్టి నుంచి లేదు."