కమాన్లకు తగిన జత

మొగిలి రెండు అరచేతులూ కారు వెనక మూల మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి కిందికి నొక్కి, ఒక్కసారిగా వదిలేశాడు. బండి పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. అలా ఊగుతూనే ఉంది. జ్వరంతో ఉన్న మనిషిని చూసినట్టు మొగిలి తల పక్కకు వంచి దాన్ని చూశాడు.

"గిదీ దీని రోగం. ఎగుర్తది గాని నిలబడది," అన్నాడు.

ఆ కాస్త పనికే అతనికి ఆయాసం వచ్చింది. కారు పక్కనున్న ఇనుప మెట్టు మీద కూర్చుని ఎడమ భుజం రుద్దుకున్నాడు. సన్నటి మనిషి. యాభై దాటాయి. మోటారు నూనె ఇంకి ఇంకి అరచేతుల గీతలు నల్లగా అచ్చు పోసినట్టుంటాయి. మొగుళ్లపల్లిలో కమ్మరి కొలిమి ముందు పుట్టినవాడు, మోటారు బస్సులు కొత్తగా వచ్చిన రోజుల్లో జనగామ స్టేషను వెనక ఈ రేకుల షెడ్డులో చేరాడు. అప్పటి నుంచీ బండ్ల కింద వెల్లకిలా పడుకోవడమే అతని బతుకు.

ఎదురుగా నిలబడ్డ సంజీవ మిషన్ దవాఖాన డ్రైవరు. కారు దవాఖానది. ఎవరో దొర వాడి వదిలేసిన పాత బండిని కొని, వెనక సీట్లు తీసేసి, చెక్కలతో పెట్టె కట్టించి, రోగి పడుకోవడానికి బల్ల వేయించారు. కిందటి వానల్లో వెనక ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్లు విరిగితే, ఏదో చిన్న లారీ కమాన్లు తెచ్చి కొన్ని పట్టీలు తగ్గించి బిగించారు. కమాన్లు కొత్తవి. వాటి ఎగురును పట్టి ఆపే షాకబ్జర్లు మాత్రం పాత కారువే.

"ఇయ్యాల్నే కావాల్నన్నా," అన్నాడు సంజీవ. "వాగు అవుతల పల్లెల సారమ్మని ఒకామె ఉన్నది. సంగమోళ్లు దొర గరిసెల వడ్లు పంచంగ తుపాకులు పేలినయట. అందరితోటి ఉరికి గోడ దుంకింది. నడుం కింద బొక్క ఇరిగింది. ఎడ్లబండిల తెస్తే మనిషి దక్కదన్నది డాక్టరమ్మ. కుదుపు తగలొద్దన్నది."

మొగిలి లేచాడు. షెడ్డు మూలనున్న పాత సామాన్ల కుప్పలో వెతికి రెండు జతల షాకబ్జర్లు బయటికి లాగాడు. ఒకటి పెద్ద లారీది, ఇంకోటి బస్సుది. ఒక్కోదాని ఇనుప చేతిని పట్టుకుని మెల్లగా కిందికి పైకి ఆడించాడు. లోపలి నూనె ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో మణికట్టుతో విన్నాడు.

"కమాన్లు లారీవే గద. లారీదే ఎయ్యన్నా. గట్టిగుంటది," అన్నాడు సంజీవ.

మొగిలికీ అదే సబబనిపించింది. లారీ జత బిగించి, సంజీవను తోలమని, తాను వెనక బల్ల మీద పడుకున్నాడు. స్టేషను రోడ్డు దాటి గుంతల బాటలో పడేసరికి ప్రతి రాయీ నేరుగా అతని వెన్నులోకి వచ్చింది. బండి ఎగరడం మానింది. కానీ కమాన్లు కదలడమూ మానేశాయి. తిరిగి వచ్చాక నడుము పట్టుకుని దిగాడు.

"నాదే తప్పు తమ్మీ. పట్టీలు తీసేసిన సంగతి మర్చిన. కమాను ఎంత తంతదో గంతే పట్టుకోవాలె. ఎక్కువ పడితే దాన్ని పీక పిసికినట్టే."

బస్సు జత బిగిస్తుండగా అతని భార్య చంద్రమ్మ సద్ది పట్టుకుని వచ్చింది. జొన్న గట్క, చింతకాయ తొక్కు. బండి కింద నుంచి బయటికొచ్చిన భర్త ముఖం చూసి ఆమె కొంగుతో చెమట తుడిచింది.

"రాత్రి గుడ ఊపిరాడలె నీకు. ఇయ్యాల పండుకొమ్మంటె ఇన్నవా?"

"పొద్దటి సంది పండుకునే ఉన్న, బండిల," అని నవ్వాడు. గట్క తిన్నాక ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. నాట్లు వేసీ వేసీ చంద్రమ్మ నడుము ఏనాడో పోయింది. ఇప్పుడు వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు.

"చంద్రీ, నువ్వొకపారి బండిల పండుకో."

"అవ్వో! మోటర్లనా? నలుగురు జూస్తె?"

"నొప్పున్న నడుముకే తెలుస్తది. నా నడుం మొద్దుబారింది."

సిగ్గుపడుతూనే ఎక్కింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగిలి ఎన్ని బండ్లు బాగుచేశాడో, ఒక్కదాన్లోనూ ఆమె కూర్చోలేదు. అతను పక్కన చతికిలబడి బల్ల పట్టుకున్నాడు. సంజీవ అదే గుంతల బాటలో పోనిచ్చాడు. చంద్రమ్మ మొదట కళ్లు గట్టిగా మూసుకుంది. కాసేపటికి తెరిచి, కిటికీలోంచి వెనక్కి పోతున్న వేపకొమ్మలను చూసింది.

"చెప్పు. ఎట్లున్నది?"

"గుంత కాడ ఏం లేదు. గుంత దాటినంక జర ఊగుతాంది. గంతే." ఆగి, తల అతని వైపు తిప్పింది. "నాకు చలిజరమొచ్చిన ఏడు నన్ను ఈపు మీదేసుకొని వాగు దాటించినవ్ సూడు, గట్లున్నది."

మొగిలి షెడ్డుకు వచ్చి, ఊగు పోవాలంటే నూనె కాస్త చిక్కబడాలని, షాకబ్జర్లు విప్పి ఆముదం కలిపాడు. బిగించి, వెనక మూల నొక్కి వదిలాడు. బండి లేచింది, ఒక్కసారి కిందికి దిగింది, నిలబడింది. మొగిలి దాన్ని అరచేత్తో తట్టాడు.

సంజీవ బయల్దేరుతుంటే తానూ వస్తానన్నాడు. చంద్రమ్మ బండి తలుపు పట్టుకుంది.

"నీ పనైపాయె గద. ఇంటికి రారాదు?"

"మనిషి పండుకున్నంక ఎట్ల నడుస్తదో సూడాలె. యాడన్న వదులైతె సంజీవకు తెల్వది. పొద్దూకెవరకు అస్త."

ఆమె తలుపు వదిలేసింది.

దారిలో తుపాకులు పట్టుకున్న దొర మనుషులు బండి ఆపి, ఎవరైనా దాక్కున్నారేమోనని లోపలికి తొంగి చూసి, బల్ల కింద కర్రతో పొడిచి వదిలేశారు. వాగు దాటి పల్లె చేరారు. పల్లెలో గుడిసెల ముందు జనం మూగారు. సారమ్మను తలుపు రెక్క మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పళ్ల మధ్య కొంగు కుక్కుకుని ఉంది. ఆమె అత్త ఎల్లక్క బండి పట్టుకుని, "పైలం నాయినా, పైలం," అంటూనే ఉంది. మొగిలి లోపలికెక్కి, రెండు చేతులూ చాచి, సారమ్మ తలను అందుకున్నాడు.

బండి కదిలింది. మొగిలి పక్క చెక్కకు వీపు ఆనించి కూర్చుని, కింద కమాన్ల చప్పుడు వింటున్నాడు. సారమ్మ కళ్లు మూసుకుని, ఒళ్లంతా బిగబట్టుకుని, రాబోయే కుదుపు కోసం కాచుకుంది. చాలాసేపటికి కొంగు నోట్లోంచి తీసింది.

"అన్నా, ఇంక కదల్లేదా బండి?"

"కదలకపోవుడేంది బిడ్డా! వాగు దాటినం."

"అబద్దం."

"యేసు మీద ఒట్టు పెట్టమంటవా, పోశమ్మ మీద పెట్టమంటవా?"

సారమ్మ నవ్వబోయింది. నవ్వితే నొప్పని ఆగి, బిగించిన పిడికిళ్లు మెల్లగా వదిలింది. మొగిలి కూడా నవ్వాడు. ముందు కూర్చున్న సంజీవకు ఆ నవ్వు వినిపించింది. ఎండ వాలింది. జనగామ వైపు బాట దుమ్ము ఎర్రగా లేస్తోంది. మొగిలి తల చెక్కకు ఆనించాడు. ఒకసారి భుజం రుద్దుకున్నాడు. తర్వాత చేయి ఒళ్లోకి జారింది.

దవాఖాన ముందు బండి ఆపి సంజీవ వెనక తలుపు తీశాడు. సారమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగ. అన్న పండుకున్నడు. వాగు దాటినప్పటి సంది నిద్రనే."

సంజీవ మొగిలి భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. ఆ తర్వాత చేతిని అక్కడే ఉంచేశాడు. సారమ్మ అతని ముఖం చూసింది, మొగిలి ముఖం చూసింది. వేలు పెదాల మీదే ఉండిపోయింది.

చంద్రమ్మ వచ్చింది. ఏడవక ముందు ఆమె సంజీవను ఒకే మాట అడిగింది.

"బండి కుదిపిందా?"

"లేదక్కా. యాడ గుడ కుదపలె."

ఆమె తల ఊపింది. మొగిలి కాళ్ల దగ్గర కూర్చుని, దుమ్ము పట్టిన అతని వట్టి పాదాలను కొంగుతో తుడుస్తూ అప్పుడు ఏడ్చింది.

సారమ్మ బతికింది. ఆ మాట చెప్పడానికి కొన్నాళ్ల తర్వాత సంజీవ ఆ పల్లెకు వెళ్లాడు. ఎల్లక్క కన్నీళ్లు పెట్టుకుని, చేతులు జోడించి, ఆ పెద్దమనిషి దవాఖాన బండి కదా అని కిందనే విడిచి ఎక్కాడయ్యా అంటూ గుడిసె చూరు చూపించింది. అక్కడ, కుక్కలకు అందకుండా, టైరు ముక్కలతో కుట్టుకున్న చెప్పుల జత ఒకటి కమ్మల్లో గుచ్చి ఉంది. వాటి మీది దుమ్ము ఎవరో తుడిచారు.