అరవై చాలు

డిపోలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎనభై అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ మీద టీవీ డిష్‌లు బిగిస్తున్న మనిషి. డిష్‌ను ఆకాశం వైపు సరిగ్గా తిప్పితే కింద టీవీ తెర మీద సిగ్నల్ ఎంతో ఒక అంకె కనిపిస్తుంది. అది అరవై దాటితే బొమ్మ నిక్షేపంగా వస్తుందని కంపెనీయే రాసిచ్చింది. మిగతావాళ్ళు అరవై రాగానే సామాను సర్దుకుని ఇంకో ఇంటికి పోతారు. ఈయన మాత్రం ఎనభై చూడందే కాగితం మీద సంతకం పెట్టేవాడు కాదు. "జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికెళ్ళినా ఎనభై వచ్చేదాకా థర్మామీటరు నోట్లోంచి తియ్యనివ్వడు" అని తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఆ పేరంటే లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఏడాదిగా ఆయన అరవై రాగానే దిగిపోతున్నాడు. అది అందరూ గమనించారు. పేరు మాత్రం మారలేదు.

ఆ రోజు పొద్దున్న డిపోలో కొత్త సామాను చూపించారు. ట్రైనర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రవాడు, ఉద్యోగంలో చేరి నెల కాలేదు. అరచేయంత కొత్త బాక్సు, మాట చెబితే వినే రిమోటు, అదనంగా నలభై ఛానెళ్ళు. ఆటలకు ఆరు, పిల్లలకు తొమ్మిది, రోజంతా అడవి జంతువులను చూపించేవి రెండు. చివర్న చేతిలో పట్టే చిన్న మీటరు ఒకటి పైకెత్తి చూపించాడు.

"దీన్ని డిష్ వైరుకి తగిలిస్తే సిగ్నల్ ఎంతో మీ చేతిలోనే కనిపిస్తుంది. ఇంటికి ఒక్కరు చాలు. ఒకరు పైన డిష్ తిప్పుతుంటే ఇంకొకరు కింద తెర చూస్తూ కేకలెయ్యడం ఇవాళ్టితో సరి."

"మరి మా గొంతులేం చేసుకోవాలి సార్?" అన్నారెవరో వెనక వరసలోంచి.

"ఇంట్లో వాడుకోండి."

"ఇంట్లో మాకంత సిగ్నల్ ఉండదు సార్."

అందరూ గొల్లుమన్నారు. ఎనభై కూడా పెదవి కదిపాడు. ట్రైనర్ గోడ మీద తర్వాతి బొమ్మ వేశాడు. మేడ మీది పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు పైపుకి కట్టి ఉన్న తాడు. తాడు రెండో కొసన కొక్కెం ఖాళీగా వేలాడుతోంది.

"పోయినేడాది మనవాళ్ళలో ఒకతను పడిపోయాడు. తాడు లేక కాదు. ఉన్న తాడు తనే విప్పేసుకున్నాడు. సొంత అజాగ్రత్త అని విచారణ కాగితంలో స్పష్టంగా ఉంది. ఇది మీరందరూ గుర్తుపెట్టుకోవాలి."

నవ్వు ఆగిపోయింది. ఎవరో దగ్గారు. ట్రైనర్‌కి సంగతి తెలియదు. పడిపోయినతను ఎనభై తమ్ముడు. ఆ కాగితం కింద సాక్షిగా ఉన్న సంతకం ఎనభైది.

'నేను కింద టీవీ ముందు ఉన్నాను. పైన ఏం జరిగిందో చూడలేదు.' ఆయన రాసిచ్చింది అంతే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నువ్వు చూసిందేమిటని అడిగారు గానీ, నువ్వు అన్నదేమిటని ఎవరూ అడగలేదు.

అమ్మానాన్నలు చిన్నతనంలోనే పోతే తమ్ముణ్ణి పెంచింది ఆయనే, పని నేర్పిందీ ఆయనే. పెళ్ళి మాటెత్తితే తమ్ముడు స్థిరపడనీ అంటూ కాలం గడిపేశాడు. ఇంట్లో ముందు గది ఆయనది, వెనక వాటా తమ్ముడిది. ఇప్పుడక్కడ మరదలు, తొమ్మిదేళ్ళ పాప. కంపెనీ మరదలికి ఫోన్ల దగ్గర ఉద్యోగం ఇచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇళ్ళకు ఫోన్ చేసి కొత్త బాక్సుల గురించీ ఛానెళ్ళ గురించీ చెప్పాలి. ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో రాసి డిపోకి పంపేదీ ఆమే.

పాప సంగతే ఆయన్ని తినేస్తోంది. బళ్ళో ఎవరో అన్నారట, మీ నాన్న అజాగ్రత్త వల్ల పోయాడని. అప్పట్నుంచి ఆ పిల్ల బూట్ల తాళ్ళకు రెండేసి ముళ్ళు వేస్తుంది. పొయ్యి కట్టేశారో లేదో మూడుసార్లు చూసి వస్తుంది. మేడ మెట్లెక్కదు. ఎవరైనా తండ్రి గురించి అడిగితే, "మా నాన్నకి జాగ్రత్త లేదు" అని పాఠం అప్పజెప్పినట్టు చెబుతుంది. పక్కనే ఉండి ఆ మాట వినడం ఆయనకు అలవాటు కాలేదు.

ట్రైనింగ్ అయ్యాక పనుల చీటీ ఇచ్చారు. ఆ రోజుకి ఆయనకు ఒక్కటే ఇల్లు. వీధి పేరు చదివాడు. తమ్ముడు పడిపోయిన వీధి అది. పొరపాటున పడిందనుకోవడానికి వీల్లేదు. ఆ వీధి పేరు మరదలు మరిచిపోయేది కాదు. చీటీ చివర ఆమె చేతిరాతతో, 'ఈ పని ఆయనే చెయ్యాలి' అని ఉంది.

*

అది ఒక టైలరమ్మ ఇల్లు. కింద ముందు గదిలో కుట్టు మిషను, దానికెదురుగా టీవీ. అరవై ఏళ్ళు దాటిన మనిషి, మెళ్ళో కొలత టేపు. తలుపు తీసి ఆయన్ని గుర్తుపట్టింది.

"నువ్వా బాబూ" అంది. "రా. వేరే ఎవర్నో పంపుతారనుకున్నా."

"నేనే వచ్చానమ్మా. టీవీ బాగానే వస్తోందా?"

"ఎందుకు రాదు? ఎంత వానొచ్చినా బొమ్మ చెక్కుచెదరదు. పక్కింటివాళ్ళ టీవీ చినుకు పడితే చాలు, మూర్ఛపోతుంది."

ఆయన రిమోటు తీసుకుని పాత బాక్సులో సిగ్నల్ చూశాడు. ఎనభై ఒకటి.

రిమోటు పట్టుకున్న చెయ్యి కిందికి దిగలేదు. ఆ రోజు ఆయన ఇదే స్టూలు మీద కూర్చుని ఇదే తెర చూస్తున్నాడు. పక్క మేడ కొత్తగా ఒక అంతస్తు లేచి అడ్డం రావడంతో డిష్‌ను గోడ బయటికి జరపాల్సి వచ్చింది. తమ్ముడు పైన. కిటికీలోంచి కేకలు.

"ఎంతొచ్చింది?"

"డెబ్బై ఆరు."

"చాలదా అన్నయ్యా? తాడు ఇంతవరకే అందుతోంది. ఇంక కాలు పెట్టే చోటు లేదు."

"ఇంకొంచెం."

అంతే. ఆ ఒక్క మాట. కళ్ళు తెర మీదే ఉన్నాయి. అంకె డెబ్బై ఎనిమిది అయింది, డెబ్బై తొమ్మిది అయింది. తెర మీద అంకె ఎప్పుడూ పది పన్నెండు క్షణాలు ఆలస్యంగా మారుతుంది. డెబ్బై తొమ్మిది దగ్గర ఉండగానే బయట చప్పుడయింది. ఆయన పరుగెత్తాడు. మళ్ళీ ఈ గదిలోకి రాలేదు. ఆ తర్వాత అంకె ఎంతకు చేరిందో ఇవాళ్టిదాకా తెలియదు.

పైకి వెళ్ళి ట్యాంకు పైపుకి తాడు కట్టి, కొక్కెం నడుముకి తగిలించుకున్నాడు. పిట్టగోడ అవతల కిటికీ సన్‌షేడ్ ఉంది. జానెడు వెడల్పు, అంచంతా నాచు. డిష్ అక్కడే ఉంది, ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు. పిట్టగోడ మీద బోర్లా పడుకుని చెయ్యి చాపి బోల్టు తడిమాడు. గట్టిగా బిగించి ఉంది. బిగించాక బోల్టు మీద పసుపు రంగు గీత గీయడం తమ్ముడి అలవాటు, తర్వాత జారితే తెలుస్తుందని. ఆ గీత లేదు. రంగు సీసా జేబులోంచి తీసేంత సమయం దొరకలేదు.

తమ్ముడు పనంతా పూర్తి చేశాడన్నమాట. ఎనభై ఒకటి తెచ్చి, బోల్టు బిగించి, వెనక్కి తిరిగాడు. ఒక్క క్షణం ఆయనకు ఊపిరి తేలికయింది. తన మాట విని పని చేస్తూ పడలేదు, పనయ్యాక పడ్డాడు. ఆ ఆలోచనను పట్టుకుని కాసేపు అలాగే పడుకున్నాడు. తర్వాత కింద ఉన్న సన్‌షేడ్ చూశాడు. అరవై కోసం ఎవరూ అక్కడ కాలు పెట్టరు. డెబ్బై ఆరు కోసం కూడా పెట్టక్కర్లేదు. ఇక ఆ ఆలోచన నిలబడలేదు.

డిష్ ముందుండే చిన్న పెట్టె మార్చాలి. అందుకోసం గోడవైపు బోల్టు వదులు చేసి డిష్‌ను ఇవతలికి లాక్కున్నాడు. తమ్ముడి చివరి పని తన చేత్తోనే చెదిరిపోయింది. కొత్త పెట్టె బిగించి, మీటరు తగిలించి, పిట్టగోడ లోపల నిలబడే తిప్పాడు. అరవై మూడు. అక్కడ ఆపేశాడు.

కిందికి వచ్చి కొత్త బాక్సు పెట్టాడు. టైలరమ్మ మిషను ఆపి, కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఏదో సముద్రం కనిపిస్తోంది, నీలంగా.

"ఏం తేడా లేదే" అంది.

"ఉండదమ్మా."

ఆమె కాసేపు టేపును వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది. "నీకో మాట చెప్పాలి బాబూ. మూడు వారాల కిందట మీ ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది, కొత్త బాక్సు పెట్టించుకుంటారా అని. మీవాళ్ళొచ్చి పైకెక్కుతామంటే వద్దమ్మా అన్నాను. ఒకసారి ఎక్కినతను ఏమయ్యాడో తెలుసా అన్నాను. మీరేం విన్నారో చెప్పండి అంది. నేనేం దాచలేదు. పైనున్నతను చాలదా, చోటు లేదు అంటుంటే, కింద కూర్చున్నతను ఇంకొంచెం అన్నాడు, నా చెవులారా విన్నాను అని చెప్పాను."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నా. తర్వాత ఛానెళ్ళ పేర్లు చదవడం మొదలెట్టింది. నలభై పేర్లూ చదివింది, ఒక్కటీ వదల్లేదు. ఆఖర్న, బాక్సు పెట్టించుకోండమ్మా, నేను మంచి మనిషిని పంపుతాను అంది." టైలరమ్మ ఆయన ముఖం చూసింది. "ఎవరు బాబూ ఆ అమ్మాయి?"

"మా తమ్ముడి భార్య."

ఆమె టేపు వదిలేసింది. "నాకు తెలీదు నాయనా" అంది.

"మీరు చెప్పింది నిజమే కదమ్మా."

మూడు వారాలు. ఇరవై ఒక్క సాయంత్రాలు మరదలు ఆయనకు అన్నం పంపింది. ఏ రోజూ ఉప్పు తగ్గలేదు. కూర చల్లారలేదు.

పని పూర్తయినట్టు నింపాల్సిన కాగితం తీశాడు. సిగ్నల్ అన్న చోట అరవై మూడు అని వేశాడు. కింద ఇతర వివరాలు అని నాలుగు గీతలు ఉంటాయి. ఇరవై రెండేళ్ళలో ఆయన అక్కడ ఏమీ రాయలేదు. ఇప్పుడు మెల్లగా రాశాడు: 'పోయినేడాది ఈ ఇంటి దగ్గర నా తమ్ముడు చాలదా అని అడిగాడు. అప్పటికి డెబ్బై ఆరు ఉంది. నేను ఇంకొంచెం అన్నాను. తాడు అందక విప్పాడు. అజాగ్రత్త అతనిది కాదు.' నాలుగు గీతలూ నిండిపోయాయి. సంతకం పెట్టి టైలరమ్మకు ఇచ్చాడు. ఆమె చదివి తన సంతకం పెట్టింది.

*

ఇంటికి వచ్చేసరికి మరదలు వెనక వాటా గుమ్మంలో కూర్చుని పాప గౌనుకి బొత్తాం కుడుతోంది. పాప లోపల లెక్కలు చేసుకుంటోంది. ఆయన కాగితం అందించాడు. ఆమె సూది గౌనుకి గుచ్చి, కాగితం తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"రేపు డిపోలో ఇస్తాను" అన్నాడు. "పాత కాగితం మార్చమని అడుగుతాను. ఆలస్యం చేశానమ్మా."

"మూడు వారాలుగా చూస్తున్నా బావగారూ, ఈ రోజు చెప్తారు, రేపు చెప్తారు అని. నేనే అడిగేద్దామనుకున్నా. అడిగితే ఒప్పుకునేవారు. మీరు అబద్ధమాడరు. కానీ అది అడిగించుకుని చెప్పినట్టవుతుంది."

"క్షమించమని అడిగే ముఖం నాకు లేదు."

"అడక్కండి. నా దగ్గర లేదు." గొంతు పెంచలేదు. కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. "డిపో సంగతి సరే. పాపకి చెప్పండి. అది రోజూ పొయ్యి చూసుకుని పడుకుంటోంది."

ఆయన లోపలికి వెళ్ళి పాప పక్కన చాప మీద కూర్చున్నాడు. పాప పుస్తకం మూసింది.

"ఏంటి పెదనాన్నా, ఇవాళ తొందరగా వచ్చేశావ్?"

ఆయన చెప్పాడు. తెర మీద అంకెల సంగతి, తాడు సంగతి, కిటికీలోంచి తమ్ముడు అడిగింది, తను అన్నది. చిన్న పిల్లకు అర్థమయ్యే మాటలే వెతుక్కున్నాడు గానీ ఏదీ తగ్గించలేదు. పాప కదలకుండా వింది.

"ఎంతుంటే చాలు?" అంది.

"అరవై."

"నాన్నకి తెలుసా?"

"తెలుసు. నేనేం చెబితే అది చేసేవాడు."

పాప కాసేపు గోడ వైపు చూసింది. "అయితే నాన్నకి జాగ్రత్త ఉంది."

"ఉందమ్మా. లేనిది నాకు."

ఆ పిల్ల ఏడవలేదు. పుస్తకం ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"మీరు మీ గదిలోకి వెళ్ళండి పెదనాన్నా" అంది.

పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఆయన్ని ఎన్నడూ మీరు అనలేదు. ఆయన లేచాడు. గుమ్మంలో మరదలు పక్కకు జరిగి దారి ఇచ్చింది. సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"తలుపు దగ్గరికి వేసి వెళ్ళండి బావగారూ" అంది, తలెత్తకుండా.