గాలి కలిపిన చీరలు

జీవిత సంచి సర్దుతోంది. రెండు చీరలు, నాలుగు డ్రెస్సులు, ఫోను చార్జరు, ఎర్ర కాగితం అంటించిన టార్చిలైటు. చుక్కలు చూపించేటప్పుడు తెల్ల వెలుతురు కళ్లలో పడకూడదని అంటించుకున్న కాగితం అది. అన్నిటి కింద జయకుమార్ గళ్ల చొక్కా పెట్టబోయింది.

గడపలో కూర్చున్న విశ్వాసమ్మ వాకిట్లో కట్టేసిన మేకతో అంది: "చూస్తివే? పోయేదాని చేతులు ఊరికే పోవు. నా కొడుకు చొక్కా గూడా కావాలంట."

జీవిత చొక్కా తీసి మంచం మీద విసిరింది. "ఉంచుకోమను," అంది, ఆమె కూడా మేకతోనే. "రోజూ కప్పుకోని పండుకోమను."

అత్తాకోడళ్లు ముఖాముఖి మాట్లాడుకుని రెండేళ్లయింది. అప్పుడొక పొద్దున వీళ్లిద్దరి గొడవ వినలేక జయకుమార్ అన్నం ముందు నుంచి లేచి నాపరాతి గనికి పోయాడు. మధ్యాహ్నానికి బండ విరిగి మీద పడింది. గొడవ మొదలుపెట్టింది నువ్వంటే నువ్వని సమాధుల తోటలోనే ఇద్దరూ అరుచుకున్నారు. ఆ తర్వాత ఏ మాటైనా మేక ద్వారానే. మాటలు లేని ఆడవాళ్లు గోడకో, కోడికో చెప్పుకోవడం ఆ ఊళ్లో ఉన్నదే కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

కర్నూలులో బడులు తిరిగి, పిల్లలకు గాలి నింపి నిలబెట్టే గుడారంలో బొమ్మల ఆకాశం చూపించే పని దొరికిందట కోడలికి. ఉండమని ఒక్క మాట అనాలని విశ్వాసమ్మకు ఉంది. పొద్దుటి నుంచీ ఆ మాట గొంతు దాకా వస్తోంది, నోట్లోకొచ్చేసరికి తిట్టయిపోతోంది.

చీకటి పడగానే ఖాదర్ మొహిద్దీన్ ఆటో వచ్చి ఆగింది. గండికోట లోయ పక్కన టూరిస్టులకు గుడారాలు వేసేది అతనే. అక్కడ వాళ్లకు చుక్కలు చూపించడానికి జీవిత వాడిన టెలిస్కోపు తీసుకుని, ఆమెను జమ్మలమడుగులో బస్సెక్కించాలి.

"ఒకసారి బిగించి చూపీ పాపా. రేపట్నుంచి కత నేనే చెప్పాల. దేవయాని ఎవరో, శర్మిష్ఠ ఎవరో నాకు కలిసిపోతాండారు."

జీవిత వాకిట్లో టెలిస్కోపు నిలబెట్టి ఈశాన్యానికి చెయ్యి చాపింది. "పక్కకు వాలిన ఇంగ్లీషు ఎం మాదిరి అయిదు చుక్కలు ఉండాయే, అది శర్మిష్ఠ. రాజు కూతురు. దాని మొనదేలిన శిఖరం చూపించే పక్కకే పైకి పో. దూదిపింజ మాదిరి మసగ్గా ఉండాది చూడు, అది దేవయాని. గురువు కూతురు. ఒక చుక్క కాదన్నా, కోట్లాది చుక్కల గుంపు. ఆ వెలుతురు బయల్దేరి ఇరవై అయిదు లక్షల ఏండ్లు."

"సరే, కొట్లాట యాడ మొదలైంది?"

"కొలను కాడ. ఒడ్డున చీరలు పెట్టి నీళ్లలో దిగినారు. పైకొచ్చి తొందరలో దేవయాని చీర శర్మిష్ఠ కట్టుకునింది. ఇదొకటి తిట్టె, అదొకటి తిట్టె. కడాకు శర్మిష్ఠ ఆయమ్మిని బాయిలోకి తోసేసె. ఆ తప్పుకు ఆమెకే దాసిగా పొయ్యె. తర్వాత ఇద్దరూ ఒకే రాజును చేసుకున్యారు."

"అల్లా! ఆ రాజు బతికినాడా?"

"యాడన్నా? వయసులోనే ముసలోడై పొయ్యె."

ఖాదర్ పెద్దగా నవ్వాడు. విశ్వాసమ్మ నవ్వలేదు. "అడగవే," అంది మేకతో. "బాయిలోకి తోసింది నేనంటాండాదా?"

జీవిత టెలిస్కోపుకు కన్ను ఆనించి, తల ఎత్తకుండానే మెల్లగా అంది: "చీరలు కలిపింది వాళ్లిద్దరూ కాదు. గాలి. పెద్ద గాలొచ్చి ఒడ్డునుండేవన్నీ కలిపేసింది. అది ఇద్దరికీ తెలీదు."

ఆ మాట ఆమె మేకతో అనలేదు. ఖాదర్‌తోనూ అనలేదు.

విశ్వాసమ్మకు అర్థమైంది. పాత వారపత్రికలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి, కథ వెనక మాట తెలియకపోదు. కానీ తప్పు గాలిదైతే, కొడుకు ఎవరి తప్పూ లేకుండా ఊరికే పోయాడని ఒప్పుకోవాలి. రెండేళ్లుగా కోపాన్ని పట్టుకునే ఆమె నిలబడి ఉంది. అదీ లేకపోతే ఎలా?

"వింటివా?" గొంతు చించుకుంది మేక మీద. "మొగుణ్ణి మింగి గాలి మీదికి నెడతాండాది! పోనీ, పీడా పాయ!"

"పెద్దమ్మా, నోరు మూసుకో!" అన్నాడు ఖాదర్. "ఉండమంటే ఉండేటట్టుండాది పిల్ల. ఆమెతోనే చెప్పరాదా?"

"పోయేటోళ్ల కాళ్లు పట్టుకునే రకం కాదు మేము. చెప్పవే!"

జీవిత టెలిస్కోపు విప్పి గుడ్డలో చుట్టింది. సంచి ఎత్తుకుని ఆటోలో కూర్చుంది. ఖాదర్ తాళం తిప్పకుండా కాసేపు ఆగి చూశాడు. బండి కదిలించాడు.

జీవిత మళ్లీ ఆ ఇంటికి రాలేదు. ఆమె ఇల్లు విడిచి వెళ్లింది 2023 నవంబరు పదో తేదీ, శుక్రవారం.