మా బావ మంద

మా బావ ఓజిలాంగ్ కుప్పకూలిన రోజున ఆయన ఒంటి మీదున్న కోటు నాది. అందుకే ఆ రోజు నాకు అంత బాగా గుర్తుంది.

అవి వేరుశెనగ పీకే రోజులు. పొలంలో పని అయిపోయాక, మధ్యాహ్నం ఎండ తగ్గుతుండగా, అందరం రాగులు పులియబెట్టిన కల్లు కుండ చుట్టూ చేరి పొడవాటి గొట్టాలు నోట్లో పెట్టుకుని కూర్చున్నాం. మా బావ పనికి రాలేదు, కల్లుకు వచ్చాడు. కోటు వేసుకున్న మనిషిని చెట్టు పీకమని ఎవరూ అడగరని ఆయన నమ్మకం. అందుకే పొద్దున్నే మా ఇంటికొచ్చి, దండెం మీదున్న నా కోటు తీసుకుపోయాడు.

రెండు పీల్పులు పీల్చాక ఆయనకు వాళ్ల నాన్న గుర్తొచ్చాడు.

"మా నాన్న రోజూ పొద్దున్నే ఒక దూడను ఎత్తి దించేవాడు. పళ్లు తోముకోవడానికి ముందు."

"నువ్వేం ఎత్తుతావు బావా, మా అక్క వండింది ఎత్తడం తప్ప?" అన్నాను.

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన లేచాడు. అక్కడ కట్టేసిన దూడ కడుపు కింద రెండు చేతులూ వేసి ఒక్క ఊపు ఊపాడు. దూడ నాలుగు కాళ్లూ నిజంగానే నేల వదిలాయి. ఆ క్షణంలో దాని ముఖం కూడా ఆశ్చర్యంగానే ఉంది. ఆ తరువాత దూడ నిలబడింది, మా బావ పడ్డాడు.

రెండేళ్లుగా ఆయన గజ్జల్లో ఒక ఉబ్బు ఉంది. అదేమిటని మా అక్క అసెకెన్యె అడిగినప్పుడల్లా "కండ" అనేవాడు. ఆ కండ ఇప్పుడు రాయిలా గట్టిపడింది. ఆయన ముఖం బూడిద రంగుకు తిరిగింది. తాగిన కల్లంతా కక్కేశాడు, నా కోటును మాత్రం పక్కకు పట్టుకుని. అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అక్క పరుగున వచ్చి చూసింది. వెంటనే అపోలోట్‌కు ఫోన్ చేసింది.

అపోలోట్ మోటారు సైకిల్ అంబులెన్సు నడుపుతుంది. బండి వెనక రెండు చక్రాల తొట్టి, తొట్టిలో పరుపు, పైన గుడ్డ కప్పు, పక్కలకు తెరలు. ఎక్కడో దూరదేశాల జనం చందాలు వేసుకుని పంపిన బండి అది. డబ్బులేని ఇళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే మిషన్ ఆసుపత్రికి చేరుస్తుంది. అక్కడి వైద్యం ఖర్చు కూడా ఆ చందాల నిధే పెట్టుకుంటుంది. ఈ సంగతి మా చుట్టుపక్కల తెలియని వాళ్లు లేరు. అదే చిక్కయింది.

"అది బీదాళ్ల బండి. నేనెక్కను," అన్నాడు మా బావ నేల మీద ముడుచుకుని.

"ఇప్పుడెక్కకపోతే శవమై ఎక్కుతావు," అంది అక్క.

"శవాల్ని ఎక్కించుకోను పిన్నీ. పరుపు కొత్తది," అంది అపోలోట్.

చివరికి తెరలు దించుతామంటే ఎక్కుతానన్నాడు, తనను ఎవరూ చూడకూడదని. సరేనని దించాం. అక్క ఆయన తల పక్కన కూర్చుంది, నేను అపోలోట్ వెనక ఎక్కాను. ఊరు దాటకముందే తెరలోంచి ఆయన తల బయటికి వచ్చింది. ఎదురైన ప్రతివాడికీ చెయ్యి ఊపుతూ "ఊరికే పని మీద వెళ్తున్నా" అని చెప్పడం మొదలుపెట్టాడు.

చిత్తడి నేల దాటే కట్ట మీద ఆవుల మంద అడ్డొచ్చింది. పాతిక పైనే ఉంటాయి. నిగనిగలాడుతున్నాయి. అపోలోట్ హారన్ మోగించింది. ఆవులకు వినబడినట్టే లేదు.

"హారన్ కొట్టకమ్మా, బెదురుతాయి. నావే," అని మూలిగాడు తొట్టిలోంచి మా బావ.

"నీవైతే పక్కకు జరగమను బాబాయ్."

ఆయన తెర తొలగించి, పళ్లబిగువున, "హో! హో!" అన్నాడు. ఒక ఎర్రావు వెనక్కి తిరిగి వచ్చింది. తొట్టిలోకి తల పెట్టి, ఆయన ముఖాన్ని గడ్డం నుంచి నుదుటి దాకా ఒక్కసారి నాకింది.

"చూశారా? గుర్తుపట్టింది!" అన్నాడు.

అక్క ఆయన ముఖం తుడుస్తూ, "నేనే గుర్తుపట్టలేకుండా ఉన్నాను, దానికేం గుర్తుంటావు?" అంది. చివరికి నేనూ అపోలోట్ దిగి, తోకలు పట్టుకుని ఆవుల్ని పక్కకు లాగాం.

ఆసుపత్రిలో డాక్టరు ఎమురోన్ గారు ఉబ్బును ఒక్కసారి తాకి చూసి, "ఈ ఉబ్బులో పేగు ఇరుక్కుపోయింది. ఇప్పుడే కొయ్యాలి," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. నర్సు అకురుట్ సెలైన్ పెట్టి, ఒక కాగితం పట్టుకొచ్చింది.

"సంతకం పెట్టండి పెద్దాయనా. కింద రెండు వివరాలు కావాలి, నిధి వాళ్లకు పంపడానికి. ఇంటి కప్పు?"

"రేకులు," అన్నాడు మా బావ.

"గడ్డి," అంది అక్క.

"ఆవులు?"

"పన్నెండు."

"ఒకటి. అదీ వట్టిపోయింది."

నర్సు నావైపు చూసింది. "కోటు నాది," అన్నాను.

అప్పుడు మా బావ కాగితం లాక్కుని పైన రాసినది చదివాడు. బీద రోగుల అత్యవసర సహాయం అని ఉంది. కలం కింద పడేశాడు.

"ఆ 'బీద' కొట్టెయ్యండి. కొట్టేస్తేనే సంతకం."

"అది అచ్చు వేసిన కాగితం అండీ!"

"అయితే నన్ను ఇంటికి తీసుకుపొండి."

ఆయన పెదవులు తెల్లబడ్డాయి. అక్క ఏడవలేదు. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సరేనమ్మా, అలాగే రాసుకో. ఈయన ధనవంతుడు. నేను ధనవంతుడి పెళ్లాన్ని. చీకటి పడేలోగా ధనవంతుడి విధవని. తమ్ముడూ, ఆ మంద ఎక్కడుందో కాస్త వెతుకు. పిల్లలు ఐదుగురు, పంచిపెట్టాలి కదా!"

మా బావ కళ్లు మూసుకున్నాడు. కానీ కలం మాత్రం తీసుకోలేదు.

నర్సు అకురుట్ మంచం పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది: "పెద్దాయనా, మీ ఆవులు ఈ క్షణంలో మీ చేతికి అందేంత దగ్గరలో ఉన్నాయా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "లేవు."

"అయితే దూరంగా ఉన్నాయని రాయనా?"

"రాయండి. చాలా దూరంగా అని రాయండి."

ఆమె అలాగే రాసింది. ఆయన సంతకం పెట్టాడు. ఆపరేషను గదిలోకి తోసుకుపోయారు.

వరండాలో కూర్చున్నాక అక్క నాకు ఒక సంగతి చెప్పింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పనిది. ఓజిలాంగ్‌కు తొమ్మిదేళ్లప్పుడు దోపిడీ మూకలు తుపాకులతో వచ్చి వాళ్ల నాన్న మందను తోలుకుపోయాయి. అరవై పైచిలుకు ఆవులు. ఆ పొద్దున మంద కాస్తున్నది ఆయనే. ఒక చీమల పుట్ట వెనక బోర్లా పడుకుని, చివరి తోక కనబడకుండా పోయేదాకా చూశాడట. వాళ్ల నాన్న ఒక్క మాట అనలేదట. అదే ఎక్కువ బాధట.

"అందుకే నేను నోరెత్తను. పన్నెండన్నా ఊరుకుంటా, ఇరవై అన్నా ఊరుకుంటా. ఇవాళే, ప్రాణం మీదికొచ్చింది గనక..." అని ఆగిపోయింది.

గంటన్నర తరువాత డాక్టరు గారు బయటికి వచ్చారు. బాగా చెమట పట్టి ఉన్నారు.

"పేగు బతికింది. మనిషీ బతికాడు. నడుం కిందికే మత్తు ఇచ్చాను, నోటికి ఇవ్వడానికి వీల్లేదు కదా. మొదటి కోత నుంచి చివరి కుట్టు దాకా ఆవుల పేర్లు చెబుతూనే ఉన్నాడు. నలభై ఒకటి అయ్యాయి. మధ్యలో నేను ఒక పేరు తప్పు పలికానని కోప్పడ్డాడు."

అక్క అక్కడే గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

నాలుగు రోజుల్లో మా బావ లేచి తిరగసాగాడు. వరండాలో నడవమని నర్సు చెప్పింది. నడిచేటప్పుడు ఆసుపత్రి గౌను మీద నా కోటు వేసుకునేవాడు. ఐదో రోజున నిధి తరఫున దూరదేశం నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్లకు ఎదురెళ్లాల్సిన నర్సు అకురుట్ అదే సమయానికి కాన్పు గదిలో చిక్కుకుపోయింది. బండి దిగిన వాళ్లకు గుమ్మంలో కనబడిన ఒకే ఒక్క కోటు మనిషి మా బావ. వాళ్లు చెయ్యి చాచారు. ఆయన ఇచ్చాడు.

"రండి, రండి! మీ కోసమే చూస్తున్నాం," అన్నాడు బడిలో నేర్చిన ఇంగ్లీషులో. నన్ను చూపించి, "ఇతను నా సహాయకుడు," అన్నాడు.

నేను ఆయన వెనకే నడిచాను. నా కోటును వదిలి ఎక్కడికి పోతాను? వార్డంతా తిప్పి చూపించాడు. ప్రతి మంచం దగ్గరా ఆగి "ఎలా ఉంది?" అన్నాడు. నిన్నటిదాకా ఆయనతో చీట్లాడిన వాళ్లు కూడా భయంగా "బాగుందండీ" అన్నారు. ఒక ముసలాయన మందు చేదుగా ఉందని ఫిర్యాదు చేస్తే, చూస్తానని మాటిచ్చాడు.

"ఇక్కడ ఇంకా ఏం కావాలి?" అని అడిగింది వచ్చిన వాళ్లలో ఒక ముసలావిడ. ఆమె పేరు హెన్నీ.

"స్నానాల గదికి గొళ్లెం కావాలి. ఎవరూ లోపలికి రాకుండా పాడుతూ స్నానం చెయ్యాల్సి వస్తోంది."

"మీరు ఇక్కడే స్నానం చేస్తారా?"

"రోజూ," అని, ఆ గది చూపించడానికి గిరుక్కున వెనక్కి తిరిగాడు.

ఆసుపత్రి గౌనుకు ముళ్లు వెనక ఉంటాయి. ఆ ముళ్లు ఎప్పుడు ఊడిపోయాయో నాకు తెలియదు. నా కోటు నడుం దాకానే వస్తుంది. ఇక అక్కడ కనబడినదేమిటో నేను రాయనక్కర్లేదు. వార్డులో ఇరవై మంది రోగులు, కుట్లు పడ్డవాళ్లతో సహా, పొట్టలు పట్టుకుని నవ్వారు. హెన్నీ కూడా నవ్వింది. తరువాత గబగబా వెళ్లి, తన మనవడికి కట్టినట్టు ఆ ముళ్లు కట్టింది.

"మీరు రోగి అన్నమాట," అంది.

"ప్రస్తుతానికి," అన్నాడు మా బావ.

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఆయన ఇంకా తగ్గలేదు.

"మీకు ఎన్ని ఆవులమ్మా?"

"ఒక్కటీ లేదు."

"ఒక్కటీ?"

"ముప్పై ఏళ్లు ఒక బడి వంటింట్లో గిన్నెలు తోమాను. ఇప్పుడు సైకిళ్ల దుకాణం మీద రెండు గదుల్లో ఉంటున్నాను. శనివారాలు నేనూ నా స్నేహితురాళ్లూ సంతలో అట్లు పోసి అమ్ముతాం. ఆ డబ్బే ఇక్కడికి వస్తుంది."

మా బావ నోరు మూతపడింది. కత్తి కింద కూడా ఆగని నోరు అది. తన కాలి వేళ్ల వైపు చూసుకున్నాడు. తరువాత, వార్డంతా వింటుండగా, మెల్లగా అన్నాడు:

"నాకు ఒకటే ఆవమ్మా. వట్టిపోయింది. ఇంటికి గడ్డి కప్పు. ఈ కోటు కూడా నాది కాదు."

భోజనం పట్టుకొచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. సంకటి గిన్నె ఆమె చేతుల్లో వంగి, కూర కారిపోతోంది.

హెన్నీ తల ఊపింది. "ఒకటి ఉందిగా! అయితే నాకంటే మీరే ఉన్నవాళ్లు," అంది.

ఆవిడ మంచి మనసుతోనే అంది. కానీ ఎవరితో అంటోందో ఆవిడకు తెలియదు. మా బావ వెన్ను నిటారుగా లేచింది. ముఖంలోకి రంగు తిరిగొచ్చింది.

"అది నిజమే," అన్నాడు.

ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఆయన చందాలు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. కల్లు కుండ దగ్గర నిలబడి, తనకు బరువులెత్తడం నిషిద్ధమని ముందుగా చెప్పి, తరువాత విషయంలోకి వచ్చేవాడు. "దూరదేశంలో ఒక ముసలావిడ. పాపం, బీద మనిషి. ఒక్క ఆవు లేదు. ఇల్లు కూడా సైకిళ్ల పైన." జనం నిజంగానే కరిగిపోయారు. రెండు బస్తాల వేరుశెనగ, ఒక కోడిపెట్ట పోగయ్యాయి. అపోలోట్ వాటిని తొట్టిలో వేసుకుని ఆసుపత్రికి చేర్చింది. కోడిని విమానం ఎక్కించరని నర్సు అకురుట్ ఫోన్ చేసి చెప్పింది. అది మందుల గదిలో గుడ్లు పెడుతోంది, బాలింతలకు పెడుతున్నారు. వేరుశెనగ మాత్రం నాలుగు గుప్పెళ్లు ఎవరి సంచిలోనో పడి, సముద్రాలు దాటి హెన్నీకి చేరింది.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. అక్క ఇంటి కప్పు కింద అందరం చేరాం. మా బావే చదివి వినిపించాడు. కాయలు చాలా రుచిగా ఉన్నాయట. శనివారం అట్ల దగ్గర స్నేహితురాళ్లందరికీ పంచిందట. వాళ్లలో ఒకావిడకు ఒక గింజ కొరకబోతే పన్ను విరిగిందట, అయినా చివరిదాకా తిన్నదట.

మా బావ ఉత్తరం మడిచి, మా అందరి ముఖాలూ చూశాడు.

"పళ్లు కూడా లేవట," అన్నాడు బాధగా. "ఈసారి మెత్తగా నూరి పంపుదాం. అసెకెన్యె, రోలు ఎక్కడుంది?"

"ఉన్నచోటే ఉంది," అంది అక్క. "నువ్వు ముట్టుకున్నావంటే మాత్రం ఆ రోకలి నీ నెత్తిన పడుతుంది. తమ్ముడే ఎత్తుతాడు."

నేనే ఎత్తాను. చాలా బరువు.