నలభై మూడు కాగితాలు

ఆ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులకు బోధనలో చేయూతనిచ్చే విభాగం ఒకటుంది. దాని పేరు గుమ్మం మీద రెండు వరుసల్లో రాసి ఉంటుంది గాని, అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికుంది? అందరూ రిపేరు గది అంటారు. దాన్ని నడిపే ఆవిడ రిపేరు మేడమ్. ఆవిడకూ ఆ పేరు ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి ఫోనెత్తి తనే “రిపేరు గదండీ” అనేసింది.

ఆ గదికి ఒకటే నియమం. ఒకరి క్లాసులో మరో అధ్యాపకుడు వెనక బెంచీ మీద కూర్చుని, చూసింది చూసినట్టు ఒక కాగితం మీద రాస్తాడు. ఆ కాగితం మేడమ్ చేతుల మీదుగా పాఠం చెప్పినవారికే చేరుతుంది. కాపీ ఉండదు, పైవాళ్ళకు పోదు. ఈ మాట నమ్మబట్టే, పక్కవాడు తొంగిచూస్తే పుస్తకం మూసేసే మహానుభావులు కూడా తలుపులు తెరిచారు.

మరి మేడమ్ చేసిందేమిటి? ఇచ్చేముందు ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి దాచుకుంది. దురుద్దేశమేమీ లేదు పాపం, కొత్తవాళ్ళ శిక్షణకు పనికొస్తాయనుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఈ ఏడాది నివేదికలో గొప్పకు పోయి, ‘మూడేళ్ళలో నలభై మూడు పరిశీలన పత్రాలు మా వద్ద భద్రంగా ఉన్నాయి’ అని రాసిపారేసింది. ఆ నివేదికలు ఎవడు చదువుతాడులే అనుకుంది. చదివేవాడు ఒకడున్నాడు, రిజిస్ట్రారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

సోమవారం ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టు అధ్యాపకుల్లో ఎవరిని కొనసాగించాలో తేల్చడానికి శుక్రవారం కమిటీ కూర్చుంటుంది, ఆ పత్రాలన్నీ ఈలోపే పంపండి అని. మేడమ్‌కు ముందుగా గుర్తొచ్చింది లెక్కల మాస్టారు.

పదకొండేళ్ళుగా ఏడాదికో కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న మనిషాయన. ఇద్దరు పిల్లలూ ఇంకా చదువుల్లోనే ఉన్నారు. ఆయన్ని ఒప్పించడానికి మేడమ్ ఆర్నెల్లు తిరిగింది. ఆయన మీద రాసిన కాగితం ఆవిడకు కంఠతా వచ్చు. ‘యాభై నిమిషాల్లో ఒక్క ప్రశ్న వేయలేదు. వెనక పదకొండు మంది నిద్రపోతున్నారు. ఒకమ్మాయి సందేహం అడిగితే, ఇదీ తెలియదా అని కూర్చోబెట్టారు.’ ఆ తర్వాత మాస్టారు మారారు. నిజంగా మారారు, ఇప్పుడు ఆయన క్లాసులో పిల్లలు నేనంటే నేనని లెక్క చేయడానికి లేస్తున్నారు. కాని ఆ క్లాసులకు కాగితం లేదు. టీ తాగుతూ నోటిమాటగా మెచ్చుకుని వదిలేసింది మేడమ్. ఫైల్లో మిగిలింది ఆయన చెడ్డరోజు ఒక్కటే.

మర్నాడు పొద్దున ఇంట్లో మేడమ్ అత్తగారు కప్పు కింద పెట్టేసింది.

“టీలో ఉప్పేశావేమ్మా, ఎవరి మీద కోపం?”

ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆవిడ దగ్గర దాచడం కుదిరే పని కాదు. కోడలు అంతా చెప్పేసింది.

“కంప్యూటరు పాడైంది, అన్నీ పోయాయి అని రాసేస్తే సరిపోదా అత్తయ్యా?”

“రాసెయ్. రిజిస్ట్రారు నమ్ముతాడు. ఆ మాస్టారు ఎదురొస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటావ్?”

“నా దగ్గర కాపీ ఉందని ఆయనకి తెలీదుగా!”

“అదేనే నేననేది. దాచేటప్పుడు లేని భయం, చెప్పేటప్పుడు ఎందుకొచ్చింది నీకు?”

ఆ మాట మేడమ్‌కు సూటిగా తగిలింది. ఆ మధ్యాహ్నమే కాపీ పట్టుకుని మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన జవాబు పత్రాలు దిద్దుతున్నారు. కాగితం బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది.

మాస్టారు కలం మూసి, ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు.

“ఇది మా ఆవిడక్కూడా చూపించలేదు మేడమ్, సిగ్గేసి.”

“తప్పయిపోయింది మాస్టారూ.”

“కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను?”

ఆయన అరవలేదు. నాలుగు తిట్టినా బాగుండునని మేడమ్‌కు అనిపించింది.

“నేనిది పంపను. ఏమైనా కానీండి.”

“నాదొక్కటే పంపకపోతే, ఏదో ఉండే దాచారనుకుంటారు. పంపితే ఉద్యోగం పోతుంది, పంపకపోతే అనుమానం. భలే ఇరికించారు నన్ను.”

నిజమే. అందుకని మేడమ్ అన్నీ తీసింది. మూడు రోజులపాటు మెట్లెక్కీ దిగీ, నలభై మూడు కాపీలూ ఎవరివి వాళ్ళ చేతిలో పెట్టి, చేసింది ఒప్పుకుని, క్షమించమంది. కొందరు పోనీలెమ్మన్నారు. ఒకావిడ మొహం మీదే తలుపేసింది. చివర్న కంప్యూటర్లోవి కూడా చెరిపేసింది. శుక్రవారం పొద్దున రిజిస్ట్రారు ముందు నిలబడ్డప్పుడు చెమటకు చేతిలో కాగితం మెత్తబడిపోయింది.

“పత్రాలేవి మేడమ్?”

“లేవండి. ఎవరివి వాళ్ళకిచ్చేసి, కంప్యూటర్లోవి చెరిపేశాను. అసలు దాచడమే నా తప్పు, అదే ఇందులో రాశాను.”

“నా ఉత్తరం అందాక చెరిపేశారా? దీని పర్యవసానం తెలుసా మీకు? మీ గదికి తాళం పడుతుంది!”

“తెలుసండి.”

చేతిలోని కాగితం ఆయన బల్ల మీద పెట్టేసింది.

ఆ కాగితాలు లేకపోయేసరికి కమిటీ ఎప్పటిలాగే పరీక్షా ఫలితాలు చూసి పని కానిచ్చింది. లెక్కల మాస్టారికి ఇంకో ఏడాది ఇచ్చారు. మేడమ్‌కు మెమో ఇచ్చారు. గది సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నారు. మెమో సంగతే మర్చిపోయి, ఆవిడ మాస్టారి దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

“సంతోషం మేడమ్,” అన్నారాయన. “కాని ఇకమీదట నా క్లాసుకి ఎవర్నీ పంపకండి.”

ఇదే జరుగుతుందని నాలుగు రోజులుగా భయపడుతూనే ఉంది. అయినా తట్టుకోలేకపోయింది.

“పంపను. మీరే నా క్లాసుకి రండి. కొత్తవాళ్ళకి గురువారం నేను చెప్తానుగా. వెనక కూర్చుని, ఎలా ఉంటే అలా రాయండి.”

“చూద్దాం లెండి,” అన్నారు మాస్టారు. గురువారం మాత్రం వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఆ యాభై నిమిషాలూ మేడమ్ ఏం చెప్పిందో ఆవిడకే తెలియదు. ఆయన కలం కదిలినప్పుడల్లా మాట తడబడింది. కదలకపోతే ఇంకా తడబడింది. క్లాసయ్యాక, కొత్త అధ్యాపకులంతా వెళ్ళిపోయాక, మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

“మాస్టారూ, అది నాకిచ్చెయ్యాలి కదా?”

“ఇస్తాను మేడమ్. నాదెన్నాళ్ళు మీ దగ్గరుందో, మీది అన్నాళ్ళు నా దగ్గరుంటుంది. ఆ తర్వాత ఇస్తాను.”

ఆయన వెళ్ళిపోయారు. వెనక ఒకరు కూర్చుని రాస్తే భయపడాల్సిందేమీ లేదని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చిన మనిషి, బల్ల వెనక కుర్చీలో కూలబడి, అరగంటైనా లేవలేదు.