మడత మీద కత్తిరించని జాకెట్

ఆవిరి.

ముందు ఆ వాసనే తగిలింది. తడిపిన కొత్త బట్ట మీద ఇస్త్రీ పెట్టె నడిచినప్పుడు లేచే వాసన.

నాచారంలో ఆ రెడీమేడ్ బట్టల కంపెనీ గేటు దాటగానే... సారలమ్మకు అక్కడే, ఆ గోడ నీడలోనే, ఒరిగిపోయి నిద్రపోవాలనిపించింది.

బడులు తెరిచే ముందటి రోజులు. ఉప్పల్‌లో వాళ్ల కుట్టు సెంటర్ నిండా యూనిఫాం బట్ట — నీలం, నీలం, మళ్లీ నీలం. కుట్టేవాళ్లు నలుగురు. వాళ్లందరికీ కత్తిరించి ఇచ్చేది సారలమ్మ ఒక్కతే.

పొద్దున కత్తెర. మధ్యాహ్నం కత్తెర. దీపాలు పెట్టే వేళకీ కత్తెర.

కొన్నాళ్లుగా కుడి చెయ్యి పైకి లేవడం లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే కత్తెర ఇంకొకరి చేతికి పోతుంది. ఊరు విడిచి వచ్చాక తనకంటూ దొరికిన చోటు అదొక్కటే.

"నేను రాను పిల్లా. జర పండుకుంట," అంది ఆ పొద్దున, కంపెనీకి బయల్దేరే ముందు.

రాణి వింటేనా! సెంటర్‌లో అందరికంటే చిన్నది, నోరున్నది. ఆమె మొగుడు బాలరాజు ఈ కంపెనీలోనే పనిచేస్తాడు.

"పెద్ద కంపెనీలోల్లు కొలతల అచ్చు ఎట్ల తీస్తరో సూసొద్దాం అక్కా. కత్తెర పట్టేదే నువ్వు. నువ్వు రాకుంటే ఎట్ల?"

వచ్చింది. కుట్టేవాళ్లు నలుగురితో కలిసి ఇరుకు ఆటోలో, ఎడమ పక్కకు ఒదిగి కూర్చుని వచ్చింది.

అచ్చులు తీసే గది చల్లగా ఉంది. గోడ పొడుగునా కొక్కేలకు అచ్చు కత్తిరించిన అట్టలు వేలాడుతున్నాయి. చేతులు. మెడలు. వీపులు... ఫ్యాన్ గాలికి మెల్లగా కదులుతున్న వీపులు.

గీసే అమ్మాయి పేరు ప్రజ్ఞ. కాకినాడ వైపు పిల్ల. కంప్యూటర్ మీద గీత లాగింది. పక్కనున్న యంత్రం గుర్రుమంటూ వెడల్పాటి కాగితం మీద అదే గీత గీసింది.

"సగమే గీస్తామండీ. రెండో సగం కూడా అదే కదా," అంది.

ఆడవాళ్లు తలలూపారు. బట్టను మడిచి, మడత మీద కత్తిరిస్తే రెండు వైపులా ఒకటే. సారలమ్మ ఇన్నేళ్లూ అలాగే కత్తిరించింది.

"ఒకరెవరైనా రండి. మీ కొలతలతోనే తీసి చూపిస్తాను."

రాణి సారలమ్మను ముందుకు తోసింది.

టేపు వీపు మీద పడింది. చల్లగా.

బస్తీలో అందరినీ ఆమె కొలిచింది. ఆమెను ఎవరూ కొలవలేదు. పాత జాకెట్‌ను పరిచి, దాని మీదే కొత్తది కత్తిరించుకునేది.

ప్రజ్ఞ కొలిచింది. ఆగింది. మళ్లీ కొలిచింది.

"అమ్మా... మీ కుడి భుజం బాగా కిందికి దిగిపోయిందండీ. నొప్పి లేదా?"

"ఏం లేదు బిడ్డా."

"ఒకసారి చెయ్యి పైకెత్తండి."

ఎత్తింది. భుజం దాకా వచ్చి — ఆగిపోయింది.

నలుగురూ చూశారు. రోజూ పక్కనే కూర్చుని కుట్టేవాళ్లు.

సారలమ్మ చెయ్యి దించేసింది. కొంగు నిండుగా కప్పుకుంది. దొంగతనం బయటపడ్డట్టు తల వంచుకుంది.

"మీకు మడత పనికిరాదమ్మా," అంది ప్రజ్ఞ, గొంతు తగ్గించి. "రెండు వైపులూ విడివిడిగా గీయాలి."

కాగితం మెల్లగా బయటికొచ్చింది. ఎడమ ఒకలా. కుడి ఒకలా.

తన వీపు. తాను ఎన్నడూ చూడని వీపు... ఎంత అలసిపోయి ఉందో!

తిరుగు దారి. మళ్లీ ఇరుకు ఆటో. దుమ్ము. ఎండ. సిగ్నల్ దగ్గర రాణి అడిగింది.

"మాకెందుకు జెప్పలే అక్కా?"

"జెప్తే... కత్తెర గుంజుకుంటరని."

"మేం గంత పరాయోల్లమా?"

రాణి మొహం పక్కకు తిప్పుకుంది.

మరునాడు ప్రజ్ఞ ఇచ్చి పంపిన ఆ కాగితం పరిచి సారలమ్మ జాకెట్ రాణే కత్తిరించింది. రాణే కుట్టింది. సారలమ్మ స్టూలు మీద కూర్చుంది, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూర్చునే చోట. ఒకచోట కత్తెర వంకర పోయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

వేసుకుంది.

భుజం జారలేదు. మెడ దగ్గర లాగలేదు. అద్దంలో రెండు భుజాలూ సమంగా కనిపించాయి.

"సక్కగ గూసున్నది!" అంది రాణి.

జాకెట్ లోపల నొప్పి అలాగే ఉంది.

"రేపు దవాఖానకు పోదాం. నేనొస్త."

"మరి గీ బట్టంతా?"

రాణి అప్పటికే నీలం బట్ట పరిచింది. సారలమ్మ అలవాటుగా చెయ్యి చాపింది. రాణి కత్తెర ఇవ్వలేదు.

"నువ్వు కూసో అక్కా."

కూర్చుంది.

కత్తెర నడుస్తోంది. కర్... కర్... ఇంకొకరి చేతిలో.

సారలమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. తీసింది. మోకాళ్ల మీద పెట్టుకుంది. మళ్లీ తీసింది...