కర్పూరం కాల్చిన సీడీ

నేను ఒక గేమ్ సీడీని. చూడటానికి అరచేతంత ఉంటాను గానీ, నాలో ఎర్రటి చంద్రుడు, తగలబడుతున్న ఒక నగరం, గోడల్లోంచి లేచివచ్చే దయ్యాలు, వాటిని కత్తితో నరుక్కుంటూ పోయే మైరా అనే పిల్ల ఉన్నాయి. మైరాకు దయ్యాలంటే లెక్కలేదు. కత్తి దెబ్బకు అవి చస్తాయి. ఆమె తలలో మాట్లాడే గొంతులు మాత్రం చావవు. అవి మొదలైతే కత్తి కింద పడేసి చెవులు మూసుకుంటుంది.

ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, హైదరాబాదులో వినోద్ అనే ఉద్యోగి చేతిలో పడ్డాను. మహానుభావుడు శబ్దం పూర్తిగా తగ్గించి, ఫోనులో కబుర్లాడుతూ ఆడేవాడు. మైరా చెవులు మూసుకుంటే "దీనికి పిచ్చిరా" అని నవ్వేవాడు. ఒక్క గొంతూ వినకుండానే తీర్పు చెప్పేసి, వారానికల్లా నన్ను పాత సీడీల దుకాణంలో ఇచ్చేశాడు.

అక్కడినుంచి హనుమకొండలో నవత దగ్గరికి చేరాను. డిగ్రీ అయ్యి ఇంట్లోనే ఉంటున్న పిల్ల. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడేది. గొంతులు మొదలయ్యే చోట ఆపేసి, పెదవులు కదుపుతూ గంటలకొద్దీ కూర్చునేది. "నువ్వు తట్టుకుంటున్నవ్ గదా మైరా, నేను గూడ తట్టుకుంట" అందొకరోజు. ఇంతమందిని భయపెట్టిన నాకు ఆ మాటకు భయం వేసింది. ఆ పిల్ల వింటున్నవి నా గొంతులు కావు.

తల్లి సరోజనకు ఇవేమీ తెలియవు. కూతురు అన్నం మానేసి టీవీ ముందు గొణుక్కోవడమే చూసింది, గాలి సోకిందనుకుంది. ఒక మధ్యాహ్నం నవత స్నానానికి వెళ్లగానే నన్ను బయటికి తీసి, పసుపు కుంకుమ పూసి, నా అంచు మీదే కర్పూరం వెలిగించింది. ఇంట్లో పళ్లెం లేక కాదు, దయ్యం కాపురం నాలోనే కదా! నన్ను మూడు బాటల కాడ పారేద్దామని గడప దాటుతుండగా నవత ఎదురొచ్చింది.

"దాన్ని పారేస్తే నా బాధ పోదమ్మా. అది కొనకముందే నాకున్నది."

నన్ను తుడిచి మళ్లీ ఆడించింది. చంద్రుడు లేచాడు, మైరా ఒక తలుపు దాకా నడిచింది. నా కాలిన చోటు అక్కడే తగిలింది. బొమ్మ బిగుసుకుపోయింది, గొంతులు మాత్రం తిరిగి తిరిగి వస్తూనే ఉన్నాయి. నవత హెడ్‌ఫోన్లు తీసి తల్లి చెవులకు పెట్టింది.

"ఏమంటున్నయే బిడ్డా? నాకు ఇంగ్లీషు రాదాయె."

"నువ్వు బతికి దండుగ అంటున్నయ్. నాకు తెలుగులనే అంటయ్."

"ఎప్పటిసంది?"

"ఇంటర్ల ఉన్నప్పటిసంది."

"ఆరేండ్లసంది నా పక్కల్నే పండుకుంటున్నవ్ గదనే!" అంది సరోజన, కూతురి చెయ్యి వదలకుండా.

మర్నాడు ఆసుపత్రిలో మానసిక వైద్యుడి గది. ఏం బాధమ్మా అని ఆయన నవతను అడిగాడు. సరోజన ఎక్స్‌రే కవరులోంచి మాడిన నన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"సారూ, నా బిడ్డకు వినవడేటియి దీంట్ల ఉన్నయ్. నేను ఆరేండ్లు ఆలస్యంగ విన్న. మీరు జర ఇయ్యాల్నే వినుండ్రి."